నల్ల

ఇంగ్లండులో మాంచెస్టరుకు ఉత్తరాన బరీ అనే వూరు వుంది. 2016 వేసవిలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్లు వున్నప్పుడు ఆ వూరు చూడబోయాను. నన్ను అక్కడికి లాగింది నేత. ఎగిరే నాడెను 1733లో తయారుచేసిన జాన్ కే ఆ ప్రాంతంవాడే. మన చేనేతవారి నోట మన్నుకొట్టిన మిల్లులు లేచింది ఆ గడ్డమీదనే గనక, అది ఎలా వుంటుందో చూడాలనుకున్నాను. మిల్లుల కాలం పోయింది. సంత మాత్రం వుంది. సంతలో వొక అంగడి ముందు జనం వరుసకట్టి వుంటే నేనూ నిలబడ్డాను.

అక్కడ అమ్మేది బ్లాక్ పుడ్డింగు. పందిని కోసినప్పుడు నెత్తురు పట్టి, గడ్డకట్టకుండా కలియబెడుతూ, అందులో కొవ్వుముక్కలూ, ఓట్లూ, బార్లీ, ఉల్లిపాయలూ, పుదీనా జాతి ఆకు వొకటీ కలిపి, పేగులో కూరి వుడకబెడతారు. వేడినీళ్లలోంచి తీసి, నిలువునా చీల్చి, పైన ఆవముద్ద గాని వెనిగరు గాని వేసి యిస్తారు. కొవ్వు ఎక్కువ వున్నదా, తక్కువ వున్నదా, ఏది కావాలని అడుగుతారు. అంతకుమించి ప్రశ్నలు లేవు. పంట్లాముకు యిస్త్రీ చేసుకున్న పెద్దమనిషీ, సున్నం మరకలున్న కూలీ పక్కపక్కన నిలబడి తింటున్నారు.

అమ్మే ఆవిడ నన్ను చూసి, "మీ దేశంలో యిలాంటిది వుందా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో చెప్పడానికే యీ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో వొక పల్లె. మా వైపు వండుకునే మేకనెత్తురును 'నల్ల' అంటారు. పండగలకు దొరయింట యాటలు కోసే పని మా నాయినది. మాంసం లోపలికి పోయేది. పేగులూ నెత్తురూ మా వాటా. అమ్మ గిన్నెలో కాస్త వుప్పు వేసి పంపేది. నెత్తురు అందులో గడ్డకట్టేది. దాన్ని మరిగే నీళ్లలో వేస్తే ఎరుపు పోయి నల్లబడేది. ముక్కలు కోసి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా వేగినాక అందులో వేసి, చివర కొత్తిమీర చల్లేది. జొన్నరొట్టెతో తినేవాళ్లం. మా యింట్లో అది పండగ.

1979లో హైదరాబాదులో వొక హాస్టల్లో చేరాను. అమ్మ వొకసారి బస్సెక్కి, డబ్బాలో నల్ల తెచ్చింది. గదిలో నలుగురం వున్నాం. అందరం వొకే విద్యార్థి సంఘం వాళ్లం. మూత తీయగానే వొకడు "అదేమిటి?" అన్నాడు. నేను "కార్జం" అన్నాను. అమ్మ నా మొహం చూసింది గాని నోరు మెదపలేదు. బస్సు దగ్గర నేనే అన్నాను, "ఇంకోసారి ఇది తేకే" అని. "సరే బిడ్డా" అంది. అంతే. మళ్లీ తేలేదు. సెలవులకు ఇంటికి పోయినా నాకోసం వండలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఆ రోజుల్లోనే నేను ఏంగెల్స్ చదివాను. 1845లో అచ్చయిన ఆ పుస్తకంలో ఇంగ్లండు కార్మికుల తిండి మెట్లు మెట్లుగా వుంటుంది. జీతం బాగా వున్నవాడికి రోజూ మాంసం. జీతం తగ్గినకొద్దీ మాంసం తగ్గి, అట్టడుగున బంగాళాదుంపలు మాత్రమే మిగులుతాయి. ఆ పేజీలకింద గీతలు గీసుకున్నాను. వాటిమీద ఉపన్యాసం కూడా యిచ్చాను. మాంచెస్టరు కార్మికుడి పళ్లెంలో ఏముందో చెప్పగలిగినవాణ్ణి, నా డబ్బాలో ఏముందో చెప్పలేకపోయాను.

నెత్తురు వండుకోవడం ఏ వొక్క జాతి సొత్తూ కాదు. మేక పొట్టలో కొవ్వూ నెత్తురూ నింపి నిప్పుమీద కాల్చడం హోమరు ఒడిస్సీలోనే వుంది. ఫిన్లండులో టాంపెరె అనే పట్నం వుంది. అదీ నూలుమిల్లుల వూరే. దాన్ని ఆ దేశపు మాంచెస్టరు అంటారు. అక్కడా యిదే వంటకం, పేరుకు అర్థం 'నల్ల సాసేజి'. పుల్లని పళ్ల జాముతో తింటారు. స్పెయిన్‌లో బుర్గోస్ వారు ఇందులో బియ్యం కలుపుతారు. జంతువును పెంచడం కష్టం, కోయడం అరుదు. అలాంటప్పుడు చుక్క పారబోయడానికి పేదవాడికి మనసొప్పదు. ఎక్కడైనా మూలం యిదే.

నిషేధాలూ అంత పాతవే. నెత్తురు తినరాదని బైబిలు పాతనిబంధన శాసించింది. ఆ ఆధారంతో 1652లో థామస్ బార్లో అనే ఆయన లండనులో బ్లాక్ పుడ్డింగు మీద విచారణ జరుపుతూ వొక చిన్న పుస్తకమే అచ్చువేశాడు. అయినా ఇంగ్లండులో ఆ నిషేధం తిండిని ఆపలేదు. అంతకన్న ముఖ్యం, తిన్నవాణ్ణి పుట్టుకతో తక్కువవాణ్ణి చేయలేదు. మన దేశంలో జరిగింది అది. ఇక్కడ తిండిని నిషేధించనక్కరలేదు, తినేవాడు సిగ్గుపడితే చాలు.

అలాగని బరీ సంతను చూసి మురిసిపోవడమూ పొరపాటే. స్కాట్లండు దీవుల్లో స్టోర్నోవే బ్లాక్ పుడ్డింగు, చిన్న కమతాల రైతులు ఏదీ వృథా చేయకుండా వండుకున్న తిండి. 2013లో ఐరోపా సమాఖ్య ఆ పేరుకు రక్షణ యిచ్చింది. మంచిదే. కాని బ్రిటనులో నేడు చాలామంది తయారీదార్లు వాడేది బయటి దేశాలనుంచి వచ్చే ఎండునెత్తురు పొడి. పేరు వూరిది, నెత్తురు మార్కెట్టుది. సరుకైనాకనే తిండికి గౌరవం వస్తుందనడం పెట్టుబడిదారీ న్యాయం. మనకు కావలసిన న్యాయం అది కాదు.

మరి ఏది? మరాట్వాడాలో మహర్, మాంగ్ కులాల తిండి గురించి షాహు పాటోళె 2015లో మరాఠీలో వొక పుస్తకం రాశాడు. నెత్తురు కూరతో సహా అన్నీ క్షమాపణ లేకుండా రాశాడు. అది చదివాక నా కథలు తీసి చూసుకున్నాను. ఆకలి మీద ఏడు కథలు రాశాను. ఏడింటిలోనూ పేదలు గంజే తాగారు. వొక్కరూ నల్ల తినలేదు. చదివేవాడి జాలి చెడిపోతుందని భయపడ్డాను కాబోలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ల భారత స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. నెత్తురులోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుముకన్న తేలిగ్గా వొంటికి పడుతుంది. నల్ల తింటే జబ్బు పోతుందని నేననను. దారిద్ర్యానికి మందు కూర కాదు. దొర మాంసం తిని మాకు నెత్తురు వదలడం న్యాయమూ కాదు. ఆ పంపకం పోవలసిందే. కాని మిగిలినదాంతో పిల్లలను బతికించిన తల్లుల తెలివి మాత్రం పోగూడదు. ఈ రెంటినీ కలిపి అసహ్యించుకోవడం నాబోటి చదువుకున్నవాళ్లు చేసిన తప్పు.

బరీ సంతలో చివరకు చెప్పాను. "ఉంది. మేకది. పేరు కూడా యిదే, నల్ల" అన్నాను. ఆవిడకు ఆశ్చర్యం వేసింది. ఎలా వండుతారని అడిగింది. వుప్పు వేసి గడ్డకట్టనిస్తాం అన్నాను. తాము గడ్డకట్టకుండా కలుపుతామంది. ఉల్లి దగ్గర యిద్దరం కలుసుకున్నాం. ఎంత వుప్పు వేస్తారని అడిగింది. నాకు తెలియదు. అమ్మను ఎప్పుడూ అడగలేదు.

ఇది చదివే విద్యార్థి మిత్రులకు వొక మాట. సెలవులకు ఇంటికి పోయినప్పుడు వంటయింట్లో కూచుని అడగండి. వుప్పు ఎంతో, మంట ఎంతో, ఎవరి యింటి యాటలో మీ వాటా ఎంతో రాసుకోండి. డబ్బా తెస్తే అందరి ముందూ మూత తీయండి. దాని పేరు దాన్నే చెప్పండి.