కర్రి చెవి

మా యింట కర్రి యను పిల్లి కలదు. పేరునకు దగినట్లు నల్లనిది, పండ్రెండేండ్ల వయస్సు. మేము "కర్రీ" యని పిలిచినను, పొరుగువారు ఒడియాలో "బిలేయి" యని పిలిచినను సమానముగనే పలుకును. బోరిగుమ్మలో పుట్టిన పిల్లికి రెండు భాషలును వచ్చుటలో వింత లేదు.

గడచిన వేసవిలో అది పూటకు ముంతెడు నీరు త్రాగజొచ్చెను. ఆకలి హెచ్చెను, ఒడలు మాత్రము చిక్కిపోయెను. ఒకనాటి యుదయమున మా తల్లి పెరటి యిసుకను చూపి, "చీమలు పట్టాయిరా! దీనికీ నా జబ్బే వచ్చింది" అనెను. ఆమెకు పదునైదేండ్లుగా మధుమేహము. మూత్రమునకు చీమలు మూగుటను మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధికి గుఱుతుగా గ్రహించిరి. మధుమేహమను పేరే ఆ తీపిని దెలుపును.

బుట్టలో పెట్టుకొని, బస్సులో జయపురమునకు గొనిపోతిని. పశువైద్యులు రక్తమును, మూత్రమును పరీక్షించి మా తల్లి మాటనే స్థిరపఱచిరి. ఉదయ సాయంకాలములయందు ఒక్కొక్క యూనిటు ఇన్సులిను చర్మము క్రింద సూదితో నీయవలయుననిరి. 1921 లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు కుక్కలపై పరిశోధించి సాధించిన మందు అది. పెరుగన్నము మాన్పించి, చేపలు, మాంసము పెట్టుమనిరి. పిల్లి మాంసాహారి, తీపిరుచి దాని నాలుకకు తెలియనే తెలియదు. అట్టిదానికి చక్కెరవ్యాధి వచ్చుట నాకు విచిత్రముగ దోచెను.

రెండు వారముల పిదప మరల పోతిమి. త్రోవపొడుగునను కర్రి అఱచుచునే యుండెను. అక్కడ కుక్కల మొఱుగు విని బుట్టలో ముడుచుకొని వణకెను. డెసీలీటరు రక్తమునకు 348 మిల్లీగ్రాముల చక్కెర కనబడెను. ఆరోగ్యముగల పిల్లికి సుమారు 80 మొదలు 120 వఱకు నుండును.

"మందు హెచ్చింపవలయును గదా?" అని యడిగితిని.

"ఇది రోగపు లెక్కయో, భయపు లెక్కయో చెప్పలేము. బెదరిన పిల్లికి చక్కెర దానంతట పెరుగును. దీనిని నమ్మి మందు పెంచినచో, ఇల్లు చేరిన పిమ్మట చక్కెర మిక్కిలి పడిపోయి ప్రాణమునకే ముప్పు. ఇంటివద్ద చూచి వ్రాసికొని రండు" అనిరి వైద్యులు.

ఇంట మా తల్లి షుగరు మిషను ఉండెను. అది మనుష్యులకై చేసినది. పిల్లి రక్తమునకు కొంత తక్కువ చూపును. ఆ తేడాను తాము గమనింతుమని వైద్యులు ముందే చెప్పిరి. సూదులు మాత్రము వేఱుగా కొంటిని. పిల్లి చెవి యంచున సన్నని రక్తనాళముండును. వెచ్చని గుడ్డతో నద్ది, ఆ యంచును పొడిచి, ఆవగింజంత బొట్టును పట్టీకి తాకింపవలయును. నా చేయి వణకెను. కర్రి యది గ్రహించి అటక యెక్కెను.

"నా వేలు పొడిచినప్పుడు వణకని చెయ్యి దాని దగ్గర ఎందుకు వణుకుతుందిరా? ఇలా పట్టుకురా" అని మా తల్లి దానిని ఒడిలో నుంచుకొని, వీపు నిమురుచు, ప్రతిదినము చెప్పు కబుర్లే చెప్పసాగెను. కర్రి కనులు మూసెను. పొడిచితిని. చెవి నొకసారి ఆడించెను; అంతే. దూదితో నదిమి చేపముక్క యిచ్చితిమి. కొన్ని క్షణములలో లెక్క వచ్చెను: 172.

మఱి మూడు దినములు సూదిమందునకు ముందు చూచితిమి. ఒక్కనాడును 200 దాటలేదు. వైద్యులు మందు పెంచలేదు. ఆ 348 ని నమ్మియుండినచో కర్రి నేడు మా గడపమీద నుండెడిది కాదేమో! ఇప్పుడది మరల ఒళ్లు చేసినది. పరీక్షవేళకు తానే వచ్చి మా తల్లి యొడి చేరును. చేపముక్క జ్ఞప్తి కాబోలు.

నేను ఇరువదేండ్లుగా మార్కులు వేయుచున్నవాడను. క్రొత్తగా చేరిన బాలుని నలువురి యెదుట నిలిపి, పద్యము చెప్పుమని గద్దించి, వాడు నోరు మెదపనిచో సున్న చుట్టిన దినములు నాకు గలవు. ఇంట నొక భాష, వీధిలో నొక భాష వినుచు పెరుగు మన పిల్లలకు ఆ జంకు రెట్టింపు. నాడు నేను కొలిచినది వాని తెలుగును కాదు, వాని భయమును.

ఇప్పుడట్టి బాలుని నా బల్లయొద్దకు పిలిచి, వారి యింట పిల్లి యున్నదా యని ముందుగ నడుగుచున్నాను. పద్యము తరువాత వచ్చును.