కనుపాప చెప్పే కబురు

కపాలం మెదడుకు కోటగోడ. లోపల నెత్తురు గడ్డకట్టినా, వాపు పుట్టినా ఆ గోడ సాగదు గదా! ఒత్తిడికి తాళలేక మెదడే చోటు వెదకుకొంటూ జరుగుతుంది. దీనిని వైద్యులు బ్రెయిన్ హెర్నియేషన్ అంటారు. నాబోటి తెలుగు పండితునికి ‘మెదడు స్థానభ్రంశం’ అనవలెననిపిస్తుంది.

ఇందులోని లాటిన్ పేర్లు నన్ను ఆకర్షించాయి. ఫాల్క్స్ అంటే కొడవలి, టెంటోరియం గుడారం, అంకస్ కొక్కెం. మెదడులోని పొరలకు, భాగాలకు ఇవి పేర్లు! కొడవలి కిందుగా మెదడు ఆవలి పక్కకు జారితే కాలు చచ్చుబడవచ్చు. కొక్కెం గుడారపు అంచు దాటి దిగితే మూడవ కపాలనాడి నలుగుతుంది. సాధారణంగా ఆ వైపు కనుపాప విచ్చుకొని, వెలుగు పడినా ముడుచుకోదు.

మా తోడల్లుడు స్కూటరు మీదినుండి పడిన రాత్రి, నర్సు గంటగంటకూ వచ్చి రెప్పలెత్తి టార్చి వేసి చూచేది. నిద్ర చెడగొడుతున్నదని మా మరదలు విసుగుకొన్నది. తెల్లవారుజామున కుడి కనుపాప పెద్దదయింది. అరగంటలో శస్త్రచికిత్సకు తీసికొనిపోయారు. బ్రతికాడు.

అన్నిటికంటె భయంకరమైనది చిన్నమెదడు అడుగుభాగం కపాలపు మహారంధ్రంలోనికి దిగటం. ఊపిరిని నడిపే కేంద్రం అక్కడే ఉన్నది. అది నలిగితే శ్వాస ఆగుతుంది. రక్తపోటు పెరిగి, నాడి మందగించి, ఊపిరి తడబడటం లోపలి ఒత్తిడి మితిమీరిందనటానికి గుర్తు. అప్పుడు మానిటాల్ ఎక్కిస్తారు. అవసరమైతే కపాలపు ఎముకను కొంత తొలగించి, వాచిన మెదడుకు చోటిస్తారు. మావాడికీ అదే చేశారు. ఆ ఎముకను కొన్ని నెలల తరువాత తిరిగి అమర్చారు.