చెంపలో బిజ్లీ

మా ఇళ్లల్లో నొప్పికి ఒక్క పేరు లేదు. తలనొప్పి సర్‌దర్ద్. పుండు సలిపితే టీస్. కాలినచోట జలన్. పిల్లలకు కడుపులో మెలిపెడితే మరోడ్. తెలుగులోకి వస్తే పోటు, సలుపు, తీపు, మంట. రెండు భాషల నడుమ పుట్టి పెరిగినవాళ్లం. బడి ఉర్దూది, అన్నం పెడుతున్నది తెలుగు పత్రిక. బాధ చెప్పుకోవడానికి మాటల కరువు లేని ఇల్లు మాది. అయినా 2015 చలికాలంలో మా అమ్మీ కుడి చెంపలోకి వచ్చి కూర్చున్నదానికి రెండు భాషల్లోనూ పేరు దొరకలేదు.

దక్కనీలో ఒక్కరమే ఉన్నా 'హమ్' అంటాం. ఇక్కడ 'మేం' అని రాస్తున్నది కొంత ఆ అలవాటు కొద్దీ. ఎక్కువ మాత్రం నిజం కొద్దీ. అబ్బా, ఆపా, తమ్ముడు, మేం... నల్గొండలోని ఒక ఇల్లంతా రెండేళ్లపాటు ఒక్క చెంప చుట్టూ తిరిగింది.

అమ్మీ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. నోరు సగం తెరిచి ఉండగానే. కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి గాల్లో అట్లాగే పెట్టి, బొమ్మలాగా. పది సెకన్లు, ఇరవై సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టే కూర గంటె తిప్పేది. మళ్లీ అరగంటకు అదే. కొన్ని రోజులు పదిసార్లు, కొన్ని రోజులు లెక్కే లేదు. చన్నీళ్లు తగిలినా, ఫ్యాన్ గాలి తగిలినా, రొట్టె ముక్క నమిలినా, చివరికి దుపట్టా కొంగు రాసుకున్నా చాలు. ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి సైగలకు దిగింది. చుట్టాలు కోపమనుకున్నారు. కోడలితో పడటం లేదన్నారు. మా బస్తీలో ఆడమనిషి మౌనానికి కారణాలు వెతకడం ఎవరికీ కష్టం కాదు!

మొదట పళ్ల డాక్టరు దగ్గరకే పోయాం. ఎవరైనా అక్కడికే పోతారు. నొప్పి కింది దవడలో ఉంటే పన్ను కాక ఇంకేమిటి? ఆయన ఒక పన్ను పీకాడు. వారం ఆగి పక్కది పీకాడు. అమ్మీ రెండు గట్టి పళ్లు పోయాయి, నొప్పి పోలేదు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది కథ ఇక్కడే మొదలవుతుందని, మంచి పళ్లు పీకించుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారని తర్వాత తెలిసింది. పంటి కబురునూ చెంప కబురునూ మెదడుకు మోసేది ఒకే నరం. కబురు ఆ దారిన వచ్చేసరికి మెదడు పన్నునే అనుమానిస్తుంది.

తర్వాత లఖ్వా అన్నారు. అంటే పక్షవాతంతో మూతి వంకర పోవడం. మా పెద్దవాళ్లలో ఆ పేరంటే వణుకు. మిర్యాలగూడ ఖాలా స్వయంగా వచ్చి జంగ్లీ కబూతర్ షోర్బా కాచి పెట్టింది. లఖ్వాకు అడవి పావురం మాంసం మందని మావాళ్ల నమ్మకం. అమ్మీ మూతి ఏ పక్కకూ వంకర పోలేదు. లఖ్వా ముఖాన్ని కదిలించే ఏడో నరం జబ్బు. అమ్మీది ముఖానికి స్పర్శనిచ్చే అయిదో నరం జబ్బు. పావురానికి ఈ తేడా తెలియదు, ఖాలాకూ తెలియదు. ఒక తావీజు మెడలోకి, ఇంకోటి జబ్బకూ వచ్చాయి. దువా చదివి ఊదిన నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లతో పుక్కిలించమన్నారు. పుక్కిలిస్తేనే కదా ఆ మెరుపు వచ్చేది.

ఇక్కడ మా ఇళ్ల సంగతి తెలియనివాళ్లకు ఒకటి చెప్పాలి. అయిదు పూటలా నమాజు చదివే మనిషికి వజూ ఉంటుంది. మూడుసార్లు కుల్లీ చెయ్యాలి, మూడుసార్లు ముక్కులోకి నీళ్లు తీసుకోవాలి, మూడుసార్లు ముఖం కడగాలి. పూటపూటకూ వజూ చేస్తే రోజుకు పదిహేనుసార్లు ముఖం మీదికి నీళ్లు. ఆరోగ్యవంతులకు అదొక చల్లదనం. అమ్మీకి పదిహేను శిక్షలు. నీళ్లు పడనివాళ్లకు తయమ్ముమ్ ఉంది కదా అంటారు. ఉంది. శుభ్రమైన మట్టి మీద చేతులు వేసి ఆ చేతులతో ముఖం నిమురుకోవాలి. నిమురుకోవడమే కదా అసలు కష్టం! మసీదు మౌల్వీ సాబ్ మంచివాడు, రోగికి సడలింపు ఉందని, శక్తి ఉన్నంతే చెయ్యమని చెప్పాడు. అమ్మీ తన దారి తాను కనుక్కుంది. జొహర్‌కు చేసిన వజూను ఇషా దాకా కాపాడుకునేది. దానికోసం మధ్యాహ్నం తర్వాత నీళ్లు తాగడం తగ్గించింది. మండే ఎండల్లో! నల్గొండ ఎండలు తెలిసినవాళ్లకు ఇది ఎంత మొండితనమో అర్థమవుతుంది.

నఖాబ్ సంగతి ఇంకోటి. ఆ గుడ్డ చెంపకు తగలకుండా రెండు వేళ్లతో ముందుకు లాగి పట్టుకుని నడిచేది. బస్సులో కిటికీ అద్దం మూయమంటే మూయరు. ముసుగు ఒద్దంటే గాలి, ముసుగు వేసుకుంటే గుడ్డ. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ఆ వేళ్లకేసి చూశాడు. మొదటి ప్రశ్న, గుట్కా తింటారా? అమ్మీ జన్మలో పాన్ కూడా నమలలేదు. రెండో ప్రశ్న, ఇంట్లో ఏమైనా టెన్షన్లా? మూడోది అబ్బా వైపు తిరిగి అడిగాడు, ఈమె ఒక్కతేనా భార్య? నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి అబ్బా. "ఒక్కతే, ఆ ఒక్కదానికే దర్ద్" అన్నాడు. కాగితం మీద ఆందోళనకు మాత్రలు రాశారు. మావాళ్లు జిన్ను అన్నది అక్కడ టెన్షన్ అయింది, అంతే తేడా. చూడకముందే తీర్పు ఇవ్వడం ఇద్దరికీ వచ్చు.

2018 జనవరిలో ఇంకో ఆస్పత్రికి, నరాల డాక్టరు దగ్గరకు పోయాం. నడివయసు మనిషి, తెలుగాయన. "అమ్మా, ఎట్ల వస్తది నొప్పి?" అని అడిగాడు. మేం అలవాటుగా తర్జుమాకు దిగబోయాం. "మీరాగండి, అమ్మనే చెప్పనీయండి" అన్నాడు. మేం వింటుండగా అమ్మీ ఆ రోజు తన తెలుగులో చెప్పింది: "బిజ్లీ సాబ్. మెరిసి పోతది. మల్ల మెరుస్తది. నడుమల ఏముండది." ఎక్కడ అని అడిగితే చెంపకు అంగుళం దూరంలో వేలు ఆపి చూపించింది. ముట్టుకోలేదు. ఆయన పెన్ను కింద పెట్టాడు. ఈ జబ్బును ముఖ్యంగా పట్టిచ్చేది రోగి చెప్పే మాటేనట. మెరుపులా రావడం, నడుమ ఏమీ లేకపోవడం, ముట్టుకుంటే వస్తుందన్న భయం. ట్రైజెమినల్ న్యూరాల్జియా. పేరు దొరికింది. ఎమ్మారై తీయించాడు, గడ్డల్లాంటివి లేవని తేల్చుకోవడానికి.

రెండేళ్లుగా అమ్మీ ఆ మాట చెబుతూనే ఉంది. బిజ్లీ, బిజ్లీ అని. వినేవాళ్లకు అది ఉర్దూ.

ఈ నగరంలోనే వైద్యం ఉర్దూలో చెప్పిన కాలం ఒకటుంది. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టి శాస్త్రాల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. 1948 తర్వాత ఆ చదువు పోయింది. దాని స్థానంలో తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది. అమ్మీకీ, పక్కింటి యాదమ్మ అత్తకూ ప్రిస్క్రిప్షన్ ముందు ఒకటే గతి. హైదరాబాద్‌కు నొప్పితో పాత చుట్టరికమే ఉంది. క్లోరోఫారం ఇస్తే ప్రాణం పోయేది గుండె వల్లనా ఊపిరి వల్లనా అని 1888, 1889లలో నిజాం ఖర్చుతో కమిషన్లు వేసి పరీక్షలు చేసింది ఈ ఊళ్లోనే.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ముఖానికి రెండు పక్కలా ఒక్కో నరం. ఒక్కోదానికి మూడు కొమ్మలు: కంటివైపు ఒకటి, పైదవడకు ఒకటి, కిందిదవడకు ఒకటి. మెదడు కాండం నుంచి నరం బయటికొచ్చే చోట చాలామందిలో ఒక రక్తనాళం దానికి ఒరుసుకుని కొట్టుకుంటూ ఉంటుంది. ఒరిసి ఒరిసి నరం మీది తొడుగు అరిగిపోతుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ ఊడితే ఏమవుతుంది? అదే. చిన్న స్పర్శ కూడా షాక్ అయిపోతుంది. అమ్మీకి ఇది వెంటనే ఎక్కింది, మా ఇంటి మీటరు దగ్గర తీగ అట్లాంటిదే.

నరం పక్కనున్న రక్తనాళమే ఈ బాధకు మూలమని దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట జుర్జానీ అనే వైద్యుడు ఫార్సీలో రాసిన 'జఖీరా-యె-ఖ్వారజ్మ్‌షాహీ'లో ఉందని వైద్య చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. మావాళ్లు ఎప్పుడో చెప్పేశారని జబ్బలు చరుచుకోవడానికి కాదు ఈ మాట. జుర్జానీ దగ్గర గోళీ లేదు. గోళీ వచ్చింది బాసెల్ నుంచి. 1953లో వాల్టర్ షిండ్లర్ అనే రసాయన శాస్త్రవేత్త గైగీ కంపెనీలో తయారుచేశాడు. కార్బమాజెపిన్ దాని పేరు. 1962లో స్వీడన్‌లో బ్లోమ్ అనే డాక్టరు దీన్ని ముఖం నొప్పికి ఇచ్చి చూశాడు. నొప్పిమాత్రలకు లొంగని ఈ నొప్పి దీనికి లొంగింది. నరం ఆగకుండా పేలుతూ పోవాలంటే సోడియం లోపలికి పోవాలి. ఆ తలుపుల్ని ఈ మందు మూసి ఉంచుతుంది.

చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పోతే ఇంకో గొడవ. "ఇవి ఫిట్స్ గోళీలు భాయ్, ఎవరికి?" అన్నాడు షాపతను, పదిమంది నిలబడి ఉండగా. సాయంత్రానికి బస్తీలో మిర్గీ అన్న మాట తిరిగింది. ఆపా కూతురికి అప్పుడే సంబంధం మాట్లాడుతున్నారు. అబ్బాయి వాళ్లింటి నుంచి ఫోను, నానీకి మిర్గీ అట కదా, ఖాందాన్‌లో ఉందా అని. ఆ రాత్రి ఆపా గోళీలు మానెయ్యమంది. మిర్గీ ఉంటే మాత్రం అదేం పాపమా అని తమ్ముడు లేచాడు. న్యాయమే, కానీ ఆ మాటతో సంబంధం నిలవదు. అబ్బా మర్నాడు డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని ఆ ఇంటికి పోయాడు. అమెరికాలో ఈ మందుకు మొదట, 1968లో, అనుమతి దొరికింది ముఖం నొప్పికేనని, ఫిట్స్‌కు తర్వాత 1974లో దొరికిందని లెక్కల మాస్టారులాగా తారీఖులు వేసి చెప్పాడు. సల్మాన్ ఖాన్‌కు కూడా ఇదే జబ్బని, 2011లో అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్నాడని మేం చెప్పి పంపాం. 1968, 1974 వాళ్లకు గుర్తున్నాయో లేదో. సల్మాన్ ఖాన్ పనిచేశాడు. పెళ్లయింది.

రోజుకు రెండుసార్లు వంద మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున ఫజర్‌కు అమ్మీ కుల్లీ చేసిన చప్పుడు వినిపించింది. గొంతు దాకా నీళ్లు తీసుకుని గులగులమని. అబ్బా జానెమాజ్ మీద నుంచి తిరిగి చూశాడు. ఆ రోజు అమ్మీ ఖాలాతో ఫోన్లో గంటన్నర మాట్లాడింది. పాలవాడితో లెక్క తగాదా పెట్టుకుంది. కోడలి బిర్యానీలో ఉప్పు తక్కువంది. సాయంత్రానికి అబ్బాకు తలనొప్పి వచ్చింది.

కార్బమాజెపిన్ జబ్బును పోగొట్టదు, ఆపి ఉంచుతుంది. నెలన్నరకు నొప్పి మళ్లీ తొంగిచూసింది, మోతాదు పెంచారు. పెంచినప్పుడల్లా మగత, నడకలో తూలు. ఒకసారి రక్తంలో సోడియం పడిపోయి రెండు రోజులు మాటలు తడబడ్డాయి. అప్పటినుంచి రక్తపరీక్ష తప్పడం లేదు. మొదటి నెలల్లో ఒంటి మీద దద్దురు లేచినా, నోట్లో పుండ్లు పడినా గోళీ ఆపి పరుగున రమ్మన్నాడు డాక్టరు. కొందరి జన్యువుల్లో ఉండే తేడా వల్ల ఈ మందు చర్మాన్ని ఘోరంగా దెబ్బతీస్తుందట. అబ్బా ఆ మాట ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. ఉర్దూ అమ్మీకి, తెలుగు యాదమ్మ అత్తకు, మేం ఊళ్లో లేనప్పుడు ముందుగా వచ్చేది ఆమే కాబట్టి.

ఆ ఏడాది రంజాన్ మే నెలలో వచ్చింది. పద్నాలుగు గంటల పైన రోజా. రోజా వదిలెయ్యమని మేం, వదలనని అమ్మీ. డాక్టరు నెమ్మదిగా కరిగే రకం రాసిచ్చి, సెహ్రీకి ఒకటి, ఇఫ్తార్ తర్వాత ఒకటి వేసుకోమన్నాడు. నొప్పి వచ్చినా, తల తిరిగినా రోజా విడవాలని షరతు పెట్టాడు. "ఇది మీ దేవుడికి కూడా సరేనా అమ్మా?" అని అడిగాడు. "ఆయనకు సరే సాబ్, మీకు సరేనా చెప్పండి" అన్నది. మూడు రోజాలు మధ్యలో విడిచింది. తర్వాత ఖజా తీర్చుకుంది.

ఆపరేషన్ ఉంది. చెవి వెనక నుంచి పోయి రక్తనాళానికీ నరానికీ నడుమ చిన్న మెత్త పెడతారు. వయసు, షుగరు చూసి డాక్టరు తొందరపెట్టలేదు. గోళీల రోజు ఖర్చు ఒక ఇరానీ చాయ్ కన్నా తక్కువ. నొప్పి లేని నెలలు ఇప్పుడు ఎక్కువ. కిందటి చలికాలంలో చూపించడానికి పోతే, మోతాదు కొంచెం తగ్గించి చూద్దామా అన్నాడు. అమ్మీ నఖాబ్ ఎత్తి, కుడి చెంప మీద అరచెయ్యి పూర్తిగా ఆనించుకుని కాసేపు ఆలోచించింది.

"చలి పోనియ్యండి సాబ్. ఎండలొచ్చినంక చూద్దాం."