ముప్పావలా లెక్క

పిల్లలూ, ఇవాళ మీరు దుకాణానికి వెళితే చాలా చోట్ల యంత్రమే బిల్లు కొడుతుంది. ఎంత ఇవ్వాలో దాని మీద అచ్చయి ఉంటుంది. నా చిన్నతనంలో ఆ లెక్క దుకాణంలో కూర్చున్నవాడు నోటితో కట్టి చెప్పేవాడు. అలా లెక్క కట్టి నేనొకసారి ఎంత సిగ్గుపడవలసి వచ్చిందో మీకు చెబుతాను.

అది 1957వ సంవత్సరం, ఎండాకాలం. నాకు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా క్లాసులో లెక్కలకు నాదే మొదటి మార్కు. అయితే పై తరగతి పుస్తకాలు కొనటానికి మా నాన్న దగ్గిర డబ్బు లేదు. అందుచేత మా అమ్మ వీధి చివర పచారీ కొట్టు శెట్టిగారితో మాట్లాడి, సెలవుల్లో నన్ను ఆయన కొట్లో పనికి పెట్టింది.

సరిగ్గా ఆ ఏడే, ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త నాణాలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. అణాలో నాలుగోవంతు కాని. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధరూపాయి, పన్నెండణాలు ముప్పావలా. కొత్త పద్ధతిలో రూపాయికి నూరు నయాపైసలు. నయా అంటే హిందీలో కొత్త అని అర్థం. 1964లో ఆ మాట తీసేసి ఒట్టి పైస అన్నారు. పాత నాణాలూ, కొత్త నాణాలూ కొంతకాలం కలిసే చెల్లాయి.

చిక్కంతా అక్కడే వచ్చింది. నూరును పదహారుతో భాగిస్తే ఆరుంబావు వస్తుంది. అంటే అణాకు ఆరుంబావు నయాపైసలు. కాని పావు నయాపైస అనే నాణెం లేదు! అందుకని ఒక పట్టిక వేశారు. అర నయాపైస గాని అంతకు తక్కువ గాని మిగిలితే వదిలెయ్యాలి. అరకు మించితే ఒకటిగా లెక్కపెట్టాలి. ఆ ప్రకారం అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు సరిగ్గా 25.

శెట్టిగారు ఈ పట్టికను అట్ట మీద అంటించి కొట్లో వేలాడగట్టారు. నాకు రెండు రోజుల్లో అదంతా కంఠతా వచ్చేసింది. పెద్దపెద్దవాళ్ళు వేళ్ళు మడిచి తంటాలు పడుతూంటే నేను టకటకా చెప్పేవాణ్ణి. వాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. నాకు తల తిరిగిపోయింది.

శెట్టిగారి పద్ధతి వేరు. ఆయన సరుకు తూచేముందు ఎప్పుడూ ఖాళీ త్రాసు పైకెత్తి, ముల్లు నడుమ నిలిచేదాకా ఆగి, కొనేవాళ్ళకు చూపేవారు. ఎవరైనా తూకం మీద అనుమానపడితే కోపం తెచ్చుకునేవారు కారు. సరుకున్న పళ్ళెంలోకి రాళ్ళూ, రాళ్ళున్న పళ్ళెంలోకి సరుకూ మార్చి మళ్ళీ తూచేవారు. త్రాసు దండెకు రెండు వైపులా పొడుగు సమానంగా ఉంటే, పళ్ళాలు మార్చినా తూకం మారదు. ఒకవైపు పొడుగైతే ఆ వైపున తక్కువ బరువు వేసినా ముల్లు నడుమ నిలిచి మోసం చేస్తుంది. మార్చి తూచగానే ఆ మోసం బయటపడుతుంది. ఇది మంచి పరీక్షే అని నాకు తెలుసు. అయినా రోజుకు పదిసార్లు ఇలా తూచటం వృథా శ్రమ అనుకునేవాణ్ణి.

ఒకనాడు మధ్యాహ్నం శెట్టిగారు భోజనానికి వెళ్ళారు. కొట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నలుగురైదుగురు బేరగాళ్ళున్నారు. అప్పుడొక అవ్వ వచ్చింది. ఆమె మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి అమ్ముకుంటుంది. మూడణాల కందిపప్పు, మూడణాల బెల్లం, మూడణాల చింతపండు, మూడణాల మిరపకాయలు అడిగింది. నేను తూచి, పొట్లాలు కట్టి, "డెబ్భైఆరు నయాపైసలు," అన్నాను.

అవ్వ కొంగు ముడి విప్పి, మూడు పావలా కాసులు తీసి బల్ల మీద పెట్టింది. "పన్నెండణాలేగా, నాయనా? ఇదుగో ముప్పావలా," అన్నది.

"అది పాత లెక్క, అవ్వా. కొత్త లెక్కలో ఇంకొక నయాపైస ఇవ్వాలి," అన్నాను.

"పావలాకు పాతిక అన్నారుగా? మూడు పావలాలకు మూడు పాతికలు. డెబ్భైఅయిదే అవుతుంది గదా?" అన్నది అవ్వ.

అప్పుడు నేనొక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. కాని నలుగురూ చూస్తున్నారు. నేను అట్టకేసి వేలు చూపి, "మూడణాలకు పంతొమ్మిది అని అక్కడ అచ్చువేసి ఉన్నది. నాలుగు పంతొమ్మిదులు డెబ్భైఆరు. నీకు తెలియకపోతే చదువుకున్నవాళ్ళను ఎవరినైనా వెంటబెట్టుకు రా!" అన్నాను.

ఎవరో పకపకా నవ్వారు. అవ్వ ముఖం చిన్నబోయింది. ఆమె పావలా కాసులు ఒక్కొక్కటే తీసి మళ్ళీ కొంగున ముడివేసుకున్నది. "లెక్క రాకుండానే ఇన్నేళ్ళుగా విస్తళ్ళు అమ్ముకుంటున్నానా, నాయనా?" అని, పొట్లాలు బల్ల మీదనే వదిలేసి వెళ్ళిపోయింది.

శెట్టిగారు తిరిగివచ్చి, "ఈ పొట్లాలెవరివిరా?" అని అడిగారు. నేను జరిగినదంతా గొప్పగా చెప్పాను. ఆయన పలకా బలపం తెచ్చి నా ముందు పెట్టారు.

"మూడణాలకు అసలు ఎంత?" అన్నారు.

"పద్ధెనిమిదీ ముప్పావు."

"నువ్వు తీసుకున్నది?"

"పంతొమ్మిది. ముప్పావును ఒకటి చెయ్యమన్నారుగా?"

"అంటే ఒక్కొక్క పొట్లం మీద పావు ఎక్కువ తీసుకున్నావు. నాలుగు పావులెంత?"

"ఒకటి," అన్నాను. నా ఒళ్ళంతా చల్లబడిపోయింది. ముసలమ్మ లెక్కే సరి అయినది! సరుకులన్నీ ముందు అణాల్లో కూడి, చివర ఒక్కసారే నయాపైసల్లోకి మార్చాలి. నేను నాలుగుసార్లు మార్చాను.

అయినా నా గర్వం ఇంకా పూర్తిగా చావలేదు. "పోయింది ఒక్క నయాపైసేగా, శెట్టిగారూ!" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, "సరే, ఆమె బేడ చొప్పున నాలుగు సరుకులు కొన్నదనుకో. నీ పద్ధతిలో ఎంత వస్తుంది?" అన్నారు.

"నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది."

"ఎనిమిదణాలకు ఎంత రావాలి?"

"యాభై."

"మనకు రెండు నయాపైసలు తక్కువ వచ్చినప్పుడు నీకు వెంటనే అనుమానం వచ్చేది. రెండోసారి లెక్క కట్టేవాడివి. నష్టం ఆమెది గనక కట్టలేదు. అవునా?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

"లెక్క తప్పటానికేం, కొత్త లెక్క గనక నేనూ తప్పుతున్నాను. ఆమె తప్పని చెప్పినప్పుడు నువ్వు మళ్ళీ చూడలేదు. నలుగురిలో ఆమెను చులకన చేశావు. ఆ తప్పు పలక మీద తుడిస్తే పోదు. ఈ పొట్లాలు తీసుకుపోయి ఆమెకిచ్చిరా," అన్నారు శెట్టిగారు.

ఎండలో నడిచి చెరువుగట్టు వెనక ఆమె గుడిసె వెతుక్కుంటూ పోయాను. దారిపొడుగునా ఏమనాలో ఆలోచిస్తూనే ఉన్నాను. గుడిసెలో పొయ్యి పక్కన అన్నం వార్చి ఉన్నది. పప్పు కుండ బోర్లించి ఉన్నది. అవ్వ మనమడు, నాలుగేళ్ళవాడు, ఉప్పు వేసుకుని గంజి తాగుతున్నాడు. వాణ్ణి చూడగానే నేను ఆలోచించుకున్న మాటలన్నీ మరిచిపోయాను. "నాదే తప్పు, అవ్వా. నీ లెక్కే సరి," అని మాత్రం అనగలిగాను.

అవ్వ నన్ను తిట్టలేదు. పొట్లాలు తీసుకుని ముప్పావలా లెక్కపెట్టి ఇచ్చింది. కొంచెంసేపు ఆగి, "నయాపైస కోసం కాదు, నాయనా. అంతమందిలో అట్లా అన్నావు చూడు, దానికి ఏడుపొచ్చింది," అన్నది. తరవాత తనే, "ఆ కొత్త లెక్క నాకూ చెబుతావా? విస్తళ్ళు కొనేవాళ్ళు కొత్త డబ్బులిస్తే మోసపోతానేమోనని భయంగా ఉన్నది," అన్నది.

నేను నేల మీద చింతగింజలు పేర్చి, అణాకు ఆరేసి చొప్పున చూపించాను. ఆమె కాసేపు గింజలకేసి చూసి, "అణాకు ఆరు. నాలుగణాలు పూర్తి అయినప్పుడల్లా ఒకటి కలపాలి. చివర మూడణాలు మిగిలితే ఇంకొకటి కలపాలి. అంతేనా?" అన్నది.

నాలుగార్లు ఇరవైనాలుగు, ఒకటి కలిపితే పాతిక. ఎంత చక్కని కిటుకు! అది మా అట్ట మీద లేదు. నాకు తోచనూ లేదు.

అవ్వ పది రోజులదాకా మా కొట్టుకు రాలేదు. పదకొండో రోజున వచ్చింది. నేను ఖాళీ త్రాసు పైకెత్తి, ముల్లు నడుమ నిలిచేదాకా ఆగి ఆమెకు చూపాను. ఆమె నన్ను చూడలేదు, ముల్లునే చూసింది. తరవాత, "తూచు, నాయనా," అన్నది.

కొనేవాళ్ళు చెప్పేది ఎప్పుడూ సరి అయినదే అని మీరు అనుకోకండి. ఒకసారి ఒక రైతు శెట్టిగారు చిల్లర తక్కువ ఇచ్చారని కేకలు పెట్టాడు. శెట్టిగారు, "ఉండండి, మళ్ళీ చూద్దాం," అని అతనితోపాటే పైకి లెక్కపెట్టారు. చివరకు తప్పు రైతుదేనని తేలింది. శెట్టిగారు అతన్ని ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా, "దయచేసి రండి," అని సాగనంపారు. ఆ రైతు తరవాత కూడా మా కొట్లోనే కొన్నాడు.

మరి కొంతకాలానికి తూకాలూ మారాయి. 1958 అక్టోబరులో కొన్నిచోట్ల మొదలుపెట్టి, 1962 నాటికి దేశమంతటా వీశెలూ, సేర్లూ పోయి కిలోలు వచ్చాయి. మా వైపు సేరుకు ఇరవైనాలుగు తులాలు. వీశెకు అయిదు సేర్లు, అంటే సుమారు ఒక కిలో నాలుగు వందల గ్రాములు. కిలో అంటే ఎంతో తెలియక జనం మళ్ళీ భయపడ్డారు. అప్పటికి నేను కాలేజీలో చదువుతున్నాను. సెలవుల్లో వచ్చి శెట్టిగారి కొట్లో కూర్చునేవాణ్ణి. త్రాసులో ఒకవైపు కిలో రాయి, రెండోవైపు పాత సేరు రాళ్ళు వేసి, కిలోకు మూడున్నర సేర్ల పైచిలుకు వస్తుందని అడిగినవాళ్ళకల్లా చూపాను. ఒకే మనిషి మూడుసార్లు అడిగినా నాకు విసుగు రాలేదు.

తరవాత నేను ముప్పై అయిదేళ్ళపాటు ఒక ఆఫీసులో, కిటికీ దగ్గిర కూర్చుని డబ్బు పుచ్చుకునే ఉద్యోగం చేశాను. కిటికీకి అవతల నిలబడినవాళ్ళు, "లెక్క తప్పింది," అనేవాళ్ళు. చాలాసార్లు నా లెక్కే సరిగా ఉండేది. అయినా ప్రతిసారీ, "ఉండండి, మళ్ళీ చూస్తాను," అనే అనేవాణ్ణి. కొన్నిసార్లు నిజంగానే నాది తప్పని తేలేది.

వినయమంటే ప్రతివాడికీ వంగి దణ్ణాలు పెట్టటమని కొందరనుకుంటారు. తియ్యగా మాట్లాడి తక్కువ తూచేవాళ్ళను కూడా నేను చూశాను. శెట్టిగారు ఎవరికీ వంగి దణ్ణాలు పెట్టలేదు. పళ్ళాలు మార్చి తూచేవారు, అంతే. మీరు పెద్దవాళ్ళయి ఏ పని చేసినా, మీ దగ్గిరికి వచ్చినవాళ్ళు, "ఇది తప్పు," అంటే ముందు పళ్ళాలు మార్చి చూడండి.