బెత్తెడు దూరము

తెలుగు బోధించువాడు పరుగు పందెములను గూర్చి వ్రాయుటేమని సంపాదక వర్గమువారు ఆశ్చర్యపడవచ్చును. ప్రతి సంవత్సరము ఈ పుటలలో మా పేరిట ప్రబంధ నాయికలను గూర్చియో, శతక కవులను గూర్చియో ఒక వ్యాసము వచ్చుచున్నది. విద్యార్థులు దానిని చదువరన్న సంగతి మాకు తెలియును. ఈసారి మా మనస్సులో ఉన్న మాటనే వ్రాయదలచినాము.

మాకు పరుగు పందెములన్న పిచ్చి. పరుగెత్తుట మాకు రాదు. పాఠశాలలో ఒకసారి నూరు మీటర్ల పందెములో ఆరుగురిలో ఆరవ వానిగా వచ్చి, ఆ తరువాత గీత దగ్గర నిలువలేదు. చూచుట మాత్రమే వచ్చును. చూచినదానిని ఒక నోటుపుస్తకములో పేరు, దేశము, సమయము వేసి వ్రాసికొనుట అలవాటు.

ఈ అలవాటు 2004వ సంవత్సరమున ఏథెన్సు ఒలింపిక్సుతో మొదలైనది. మేము అప్పుడు పాఠశాల విద్యార్థులము. అర్ధరాత్రి దాటిన తరువాత, ఇంటిల్లిపాది నిద్రలో ఉండగా, టెలివిజను శబ్దము పూర్తిగా తగ్గించి 1500 మీటర్ల పందెము చూచినాము. మొరాకో దేశస్థుడు హిషామ్ అల్ గరూజ్ ఆనాడు పరుగెత్తినాడు. 1998లో రోము నగరమున 3 నిమిషముల 26.00 సెకండ్లలో ఈ దూరమును పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు. అయినను ఒలింపిక్ స్వర్ణము లేనివాడు. 1996లో అట్లాంటాలో చివరి చుట్టు మొదలగుచుండగా ముందున్న మోర్సెలీ మడమ తగిలి పడిపోయినాడు. లేచి పరుగెత్తి అందరికంటె చివర వచ్చినాడు. 2000లో సిడ్నీలో చివరి కొద్ది మీటర్లలో కెన్యా యువకుడు నోవా న్గేని దాటిపోయినాడు. ఎనిమిదేండ్ల నిరీక్షణ తరువాత ఏథెన్సులో మరల అదే దృశ్యము. చివరి తిన్నని దారిలో బెర్నార్డ్ లాగట్ పక్కకు వచ్చి, ముందుకు కూడ పోయినాడు. మేము కన్నులు మూసికొన్నాము. తెరచి చూచునప్పటికి అల్ గరూజ్ గీత దాటి నేలపై వ్రాలి ఏడ్చుచున్నాడు. గెలిచి ఏడ్చుచున్నాడని తెలియుటకు కొంత సేపు పట్టినది. 3:34.18, లాగట్ 3:34.30. నాలుగు దినముల తరువాత 5000 మీటర్లలో బెకెలెను కూడ ఓడించినాడు. ఒకే ఒలింపిక్సులో ఆ రెండు పందెములు గెలిచినవాడు అంతకుముందు ఒక్కడే, 1924లో ఫిన్లాండుకు చెందిన పావో నూర్మి. మా నోటుపుస్తకములో మొదటి పుట అల్ గరూజ్‌ది.

ఒక పందెమును మాత్రము మేము ప్రత్యక్షముగా చూడలేదు. మా పుట్టుకకు పూర్వము జరిగినది. దాని చిత్రణము ఎన్నిసార్లు చూచినామో లెక్క లేదు. 1984 ఆగస్టు 8, లాస్ ఏంజెల్స్. స్త్రీల 400 మీటర్ల హర్డిల్స్. ఒలింపిక్సులో స్త్రీలకు ఈ పందెము పెట్టుట అదే మొదలు. పది కంచెలు, ఒక్కొక్కటి 76.2 సెంటీమీటర్ల ఎత్తు, కంచెకు కంచెకు నడుమ 35 మీటర్లు. చివరి కంచె దాటిన తరువాత ఇంకను 40 మీటర్లు ఉండును. కాళ్ళు బరువెక్కి, రొమ్ము మండుచు, అడుగుల లెక్క తప్పు చోటు అది.

ఆ పందెములో మొరాకోకు చెందిన నవాల్ అల్ ముతవక్కిల్ మొదటి నుండియు ముందున్నది. ఇరువది రెండేండ్ల యువతి, పొట్టి మనిషి. ఆ సంవత్సరము మొరాకో ఒలింపిక్ బృందములో ఉన్న ఏకైక స్త్రీ ఆమెయే. పరుగు నేర్చుకొనుటకు ప్రోత్సహించిన తండ్రి ఆనాటికి జీవించి లేడు. 54.61 సెకండ్లలో ఆమె గీత దాటినది. మొరాకోకు అది తొలి ఒలింపిక్ స్వర్ణము. ముస్లిం దేశపు స్త్రీ ఒలింపిక్ విజేత యగుట కూడ అదే మొదలు. ఆ దినమున పుట్టిన ఆడపిల్లలకు నవాల్ అని పేరు పెట్టుమని వారి రాజు కోరినాడని చెప్పుదురు.

అదే పందెములో, ఆ చిత్రణముననే, మన పి.టి. ఉష కలదు. సెమీఫైనలులో మొదట వచ్చిన ఇరువదేండ్ల కేరళ బాలిక. మూడవ స్థానము రుమేనియాకు చెందిన కొజొకారుకు దక్కినది: 55.41. ఉషకు 55.42. ఫోటో ఫినిష్ చూచి నిర్ణయించునపుడు లెక్కకు వచ్చునది తల కాదు, చేయి కాదు, పాదము కాదు, మొండెము మాత్రమే. ఉష చివరి అడుగులో రొమ్మును ముందుకు వంచలేదని నేటికిని అనుచుందురు. మేము ఒక సాయంత్రము కాగితము తీసికొని లెక్క కట్టినాము. ఆమె సగటు వేగమున సెకండులో నూరవ వంతునకు వచ్చునది సుమారు ఏడు సెంటీమీటర్లు. అనగా బెత్తెడు. 1960లో రోములో మిల్ఖా సింగ్ కూడ సుమారు సెకండులో పదవ వంతు తేడాతో నాలుగవ స్థానమున నిలిచినాడు. అది ఒక నిలువెత్తు కంటె కూడ తక్కువ దూరమే. కాని ఉషకు జరిగినది మరింత క్రూరమని మాకు తోచును.

ఇంతవరకు వ్రాసినది చదివినవారు మమ్ము గొప్ప క్రీడాభిమాని యని తలంచవచ్చును. అందువలననే తరువాతి సంగతి చెప్పవలసి యున్నది.

కొన్ని సంవత్సరముల క్రితము మన క్రీడా దినోత్సవమున బాలికలకు 400 మీటర్ల పందెము పెట్టినారు. మైదానములో సున్నముతో గీసిన చుట్టును రెండుసార్లు తిరుగవలెను. మా తరగతిలోని ఒక అమ్మాయి, సల్వారు కమీజుతో, దుపట్టా తలకు బిగించి కట్టి, కాలికి మామూలు కాన్వాసు బూట్లతో పరుగెత్తినది. రెండవ చుట్టులో మిగిలినవారు వేపచెట్టు దగ్గర ఉండగా ఆమె గీత దాటినది. చప్పట్లు మ్రోగినవి. ఆమె ఆయాసపడుచునే మా వద్దకు వచ్చి, "సార్, నా టైము ఎంత?" అని అడిగినది.

ఎవరును చూడలేదు. ఫిజికల్ డైరెక్టరుగారి చేతిలో ఈల మాత్రమే కలదు. మా చేతికి గడియారము ఉన్నది. సెకండ్ల ముల్లు కూడ ఉన్నది. చప్పట్లు కొట్టుచు దానివంక చూడలేదు. నవాల్ సమయము నూరవ వంతు వరకు కంఠస్థముగా ఉన్న మేము, కన్నుల యెదుట పరుగెత్తిన బిడ్డకు ఒక అంకె చెప్పలేకపోయినాము.

తరువాతి వారము ఫిజికల్ డైరెక్టరుగారు ఆమెను విశ్వవిద్యాలయ పోటీలకు పంపవలెనని తండ్రిని పిలిపించినారు. ఆయన దర్జీ పని చేయు మర్యాదస్థుడు. కోపపడలేదు. రెండు రాత్రులు పరాయి ఊరిలో ఉండవలెను, వెంట స్త్రీ అధ్యాపకురాలు లేదు, నలుగురు చూచుచుండగా పరుగెత్తవలెను, రేపు సంబంధము వచ్చినపుడు ఏమందురో తెలియదు: ఇవి ఆయన చెప్పిన మాటలు. వీనిలో ఒక్కటియు అర్థము లేనిది కాదు. అన్నియు చెప్పి మావైపు తిరిగి, "లెక్చరర్ సాబ్, మీరు మా బిరాదరీలో చదువుకున్న పెద్దవారు. మీరు పంపమంటే పంపుతాను" అన్నాడు.

మాకు చెప్పుటకు ఎంత లేదు! 2006లో దోహా ఆసియా క్రీడలలో బహ్రెయిన్ యువతి రుకయా అల్ గస్రా తలకు వస్త్రము కట్టుకొనియే 200 మీటర్ల స్వర్ణము గెలిచినదని చెప్పవచ్చును. అల్జీరియాకు చెందిన హసీబా బుల్మెర్కా బెదిరింపులకు స్వదేశము విడిచి సాధన చేసి, 1992లో బార్సిలోనాలో 1500 మీటర్ల స్వర్ణము తెచ్చినదని చెప్పవచ్చును. నవాల్ తండ్రిని గూర్చి చెప్పవచ్చును. అవియేమియు అక్కరలేదు, "మా ఇంటామెను కూడ తోడు పంపుతాము" అన్న చాలును. మేమన్నది వేరు. "మీ ఇంటి విషయము, మీ ఇష్టము" అన్నాము. కమిటీలో ఎవరైన ఏమనుకొందురో అన్న శంక మా మనస్సులో ఉన్నమాట నిజము. ఆయన సలాము చేసి వెళ్ళిపోయినాడు. ఆ మాటకు ఆయన ముఖమున కనబడినది తృప్తి కాదు. మేము పంపమందుమని ఆశించి వచ్చినాడేమో అని ఇప్పటికిని అనుమానము.

ఆమె బి.ఏ. ప్రథమ శ్రేణిలో పూర్తి చేసినది. మరల పరుగెత్తలేదు. తరువాతి సంవత్సరములలో విశాఖపట్టణపు జ్యోతి యర్రాజీ 2023లో ఆసియా ఛాంపియనైనపుడు, వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామములోని కూలివారి బిడ్డ దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్సున 400 మీటర్లలో 55.82 సెకండ్లతో కాంస్యము తెచ్చినపుడు, సమయములను నోటుపుస్తకములో ఎక్కించుచు మా చేయి ఆగినది.

ఇటీవల ఆమె సర్టిఫికెట్టు కొరకు కళాశాలకు వచ్చినది. ఒక పాఠశాలలో తెలుగు చెప్పుచున్నదట. ఆనాడు మీ నాన్నగారితో మేము మాట్లాడవలసినది అన్నాము. ఆమె కొంచెము సేపు ఊరకుండి, "దానికేముంది సార్. టైము ఒక్కటి తెలిసి ఉంటే బాగుండేది" అన్నది.

ఆ మరునాడు ఒక స్టాప్‌వాచి కొన్నాము. ఫిజికల్ డైరెక్టరుగారు, మేము, ఇద్దరు అటెండర్లు కలిసి టేపుతో మైదానపు చుట్టును కొలిచినాము. ఇన్నేండ్లు 200 మీటర్లని అందరును నమ్మిన చుట్టు 188 మీటర్లే. అనగా ఆమె ఆనాడు పరుగెత్తినది 376 మీటర్లు. గడియారము చూచియున్నను ఆ అంకె పనికివచ్చెడిది కాదు. కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే: ఇతర పోటీలకు వెళ్ళు బాలికల వెంట ఒక అధ్యాపకురాలిని పంపుటకు, ఆమె ప్రయాణపు ఖర్చులకు ఈ సంవత్సరము అనుమతి నీయవలెను. తల్లిదండ్రులతో మాట్లాడు పని మాకు వదలవచ్చును.

సున్నపు గీతను వెలుపలికి జరిపి మరల గీసినాము. వేపచెట్టు వేళ్ళు అడ్డు వచ్చినవి. అక్కడ గీత కొంచెము వంకరపోయినది, కాని 200 మీటర్లు సరిపోయినది.