క్షౌరపుకత్తికి తుప్పు – మనిషికి ముప్పు

తుప్పు పట్టిన ఇనుము గీసుకుంటే ధనుర్వాతం వస్తుందన్న నమ్మకం మన తనకల్లు ప్రాంతంలో ఎంత బలంగా ఉన్నదంటే, మెరిసే కత్తితో తెగిన గాయాన్ని ఎవరూ లెక్కచేయరు. నిజానికి తుప్పు ఏ రోగాన్నీ పుట్టించదు. ధనుర్వాతానికి కారణమైన సూక్ష్మజీవి బీజాలు మట్టిలోను, పశువుల పేడలోను ఉంటాయి. మట్టి అంటిన కత్తి తళతళలాడుతున్నా ప్రమాదమే.

అయితే క్షౌరపుకత్తి విషయంలో తుప్పును తేలికగా తీసుకోరాదు. తుప్పు తిన్నచోట ఉక్కులో సన్నని గుంటలు పడతాయి. సబ్బునురుగు, చర్మపు పొట్టు, కంటికి కనిపించనంత రక్తం వాటిలో నిలిచిపోతాయి. హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. గుంటలు పడిన కత్తిని గుడ్డతో తుడిచినంత మాత్రాన శుభ్రపడదు.

ఎయిడ్స్ ప్రచారం ముమ్మరంగా సాగిన కాలంలో ఒక వృద్ధ క్షురకుడు నా వద్దకు వచ్చి తన కత్తిని బల్లపై పెట్టాడు. ఎవరో చెప్పారని బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచాడట. వారం తిరగకుండా కత్తి నిండా మచ్చలు. "ముంచితే కత్తి సస్తాది సార్, ముంచకుంటే మనుషులు సస్తారంటారు, నేనేం జేయల్ల?" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. సలహా ఇచ్చినవారు రోగాన్ని గురించి ఆలోచించారే గాని, అతని పనిముట్టును గురించి ఆలోచించలేదు. క్లోరిన్ మామూలు ఉక్కును తినివేస్తుంది. కత్తి పాడవుతుందన్న భయంతో అతడు ముంచడమే మానివేశాడు.

కత్తిని మొదట సబ్బుతో కడిగి, మరుగుతున్న నీటిలో 20 నిమిషాలు ఉంచవచ్చు. మరిగిస్తే పదును పోతుందని చాలామంది అనుకుంటారు. ఉక్కు పాటు చెడడానికి 100 డిగ్రీల వేడి చాలదు. నిప్పుల మీద కాల్చడమే దానికి చేటు. అయితే సెల్యులాయిడ్, కొమ్ము, కర్ర పిడులు మరిగిస్తే పాడవుతాయి. అటువంటి కత్తిని సొంత గడ్డానికే ఉంచుకోవడం మేలు. ఇతరులకు పని చేసేవారు ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేసే కత్తినే వాడాలి. ఆ వృద్ధునికి నేను చెప్పినదీ ఇదే.

ఇక తుప్పు తీసే పద్ధతి. పైపైన పట్టిన ఎర్రతుప్పుకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, కొంతసేపు నాననిచ్చి, అతి సన్నని ఉక్కుపీచుతో రుద్దాలి. చేయి ఎప్పుడూ వెన్ను నుండి అంచు వైపుకే పోవాలి. ఎదురు రుద్దితే కత్తి పోతుంది, వేలూ పోతుంది. చింతపండు, నిమ్మరసం తుప్పును కరిగిస్తాయి గాని ఉక్కును కూడా కొరికి నల్లబరుస్తాయి. ఇత్తడి చెంబుకు పనికివచ్చే వైద్యం దీనికి పనికిరాదు. గుంట సరిగ్గా అంచు మీదనే ఉంటే, అది పోయేవరకు సానరాతిపై నూరించాలి. అప్పటికీ పోకపోతే ఆ కత్తితో చర్మాన్ని తాకవద్దు.

మనది వానలు తక్కువైన సీమ. ఇక్కడ కత్తికి తుప్పు గాలిలోని తేమ వల్లకన్నా మన అజాగ్రత్త వల్లనే ఎక్కువగా పడుతుంది. బోరునీటిలోని ఉప్పులు తుప్పును వేగిరపరుస్తాయి. గడ్డానికి రాసే పటిక ఆమ్లగుణం కలది. అది కత్తికి అంటి నిలిచిపోకూడదు. పని కాగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మడవకుండా కొంతసేపు ఆరనివ్వాలి. తడి చాలావరకు దాగేది పిడిలోని మరచుట్టూనే. తరువాత పల్చగా నూనె పూయాలి. కొబ్బరినూనె కొన్నాళ్లకు ముక్కి జిగురవుతుంది. మిషను నూనె మేలు, వాడే ముందు తుడిచివేస్తే సరి. తోలుసంచిలో పెట్టి నెలల తరబడి మరచిపోకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

పుట్టువెంట్రుకలు తీయించడానికి కదిరి నరసింహస్వామి సన్నిధికో, తిరుమలకో వెళ్లే తల్లిదండ్రులు కొత్త బ్లేడు తమ ఎదుటనే వేయించుకోవాలి. పసిబిడ్డకు పుట్టిన 24 గంటల్లో ఇవ్వవలసిన హెపటైటిస్-బి టీకా, ఆపై 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలు పడ్డాయో లేదో బయలుదేరేముందే కార్డు తీసి చూసుకోండి. పెంటావాలెంట్‌లో ధనుర్వాతపు రక్షణ కూడా ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవన్నీ ఉచితం.