పరదా, గోడ

పది రోజుల ఎన్‌సీసీ క్యాంపు నుంచి మా అమ్మాయి మొన్న వచ్చింది. మోచేతుల నిండా గీరుకున్న మచ్చలు. పసుపు రాస్తుంటే, "పాకుడు నేర్పిన్రమ్మా" అని నవ్వింది.

తుపాకీ అంటే నాకు టీవీలో చూసిందే. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్. వాళ్లు కదలకుండా నిలబడి కాలుస్తారు. క్యాంపులో మా పిల్ల కాల్చిందీ పడుకొనే. "మరి పాకుడెందుకే?" అన్నాను.

కిటికీ పరదా పట్టుకొని చూపించింది. "దీని వెనకుంటే కనపడవు, అంతే. గుండు ఆగదు. గోడ వెనకుంటే ఆగుతది. ఒకటి కంటికి చాటు, ఇంకోటి గుండుకు అడ్డం." గోడ మీది నుంచి కాదు, పక్క నుంచి తొంగి చూడాలట. లేవకముందే తరువాతి చాటు ఎక్కడో చూసుకోవాలట. ఒకరు కాస్తుంటే ఇంకొకరు ఉరకాలట. కదిలేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదట.

ఇలా ఉరుకుతూ కాల్చే పోటీలు కూడా ఉన్నాయట. వాటిని నడిపే ఐపీఎస్‌సీ 1976లో అమెరికాలో మొదలైంది. గురితో పాటు పట్టిన సమయమూ లెక్కే. 1996 నుంచి ఉన్న ఐడీపీఏ పోటీల్లోనైతే, చాటు వదిలి కాలిస్తే మూడు సెకన్లు కలుపుతారు.

ముత్తంగిలో ముంబై హైవే దాటేటప్పుడు మనం చేసేదీ అదే కదా! డివైడర్ దాకా ఒక ఉరుకు, ఆగి చూసి, మళ్లీ ఇంకొకటి.

ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆడపిల్లకు తుపాకీ ఎందుకని మావారు ముందే వద్దన్నారు. ఫారం మీద నేనే సంతకం పెట్టి, సేవా శిబిరమని చెప్పాను. రెండేళ్లుగా ట్యూషన్ అనీ, స్పెషల్ క్లాసనీ ఎన్ని అబద్ధాలో! బిడ్డను కాపాడుతున్నాననుకున్నాను. నేను పట్టింది పరదానే. దానికి ఎస్సై పరీక్ష రాయాలని ఉంది. ఆ మాట బయటపడ్డ రోజు పరదా ఏం ఆపుతుంది?

మరునాడు ఆయన సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చి అన్నం తిన్నాక అంతా చెప్పేశాను. "నాకెందుకు దాచినవు?" అని గట్టిగా అరిచారు. పిల్ల గదిలోంచి బయటికి రాబోయింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "తప్పు నాది. దాన్ని ఏమీ అనకండి" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒప్పుకోలేదు కూడా. నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూద్దామన్నారు.

చెయ్యి కడుక్కొని వస్తూ నా భుజం మీది నుంచి పిల్ల వైపు చూసి, "ఆ మోచేతులకు ఏమన్న రాసినవా?" అని అడిగారు.